బ్రేకు వదలదు, మీవాళ్లు దొరకరు: మీ సర్వీస్ సెంటర్ మీద ఫిర్యాదు

కస్టమర్ కేర్ పెద్దలకు,

నమస్కారం. ఈ ఉత్తరం పైన కంప్లైంట్ నంబరు వేద్దామనుకున్నాను గానీ ఏది వెయ్యాలో అర్థం కాలేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ మీవాళ్లు ఒక కొత్త నంబరు ఇస్తారు, కొన్నాళ్లకి అది "రిజాల్వ్డ్" అని మెసేజ్ వస్తుంది, మళ్లీ చేస్తే "సార్, పాతది క్లోజ్ అయిపోయింది, కొత్తది రెయిజ్ చేస్తాను" అంటారు. ఏ మహానుభావుడు ఎక్కడ కూర్చుని రిజాల్వ్ చేస్తున్నాడో గానీ నా కారు దాకా మాత్రం రాలేదు.

సమస్య ఏమిటో ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఇంతవరకూ దాన్ని చివరిదాకా విన్న పాపాన ఎవరూ పోలేదు. ముందు ఎడమ చక్రానికి బ్రేకు పడుతుంది, పెడల్ మీంచి కాలు తీశాక కూడా పూర్తిగా వదలదు. విజయవాడ నుంచి గుంటూరు దాకా వెళ్లి దిగితే ఆ ఒక్క చక్రం దగ్గర చెయ్యి పెట్టలేం, మాడు వాసన, అల్లాయ్ నిండా నల్లటి పొడి. కుడివైపుది శుభ్రంగా ఉంటుంది. మైలేజ్ తగ్గింది. అంతే. బ్రేకులు పడట్లేదని నేను ఏనాడూ అనలేదండీ, వదలట్లేదన్నాను. ఈ రెండు మాటలకీ తేడా ఉందని మీ సర్వీస్ సెంటర్లో ఒక్కరికీ ఎక్కలేదు.

మొదటిసారి వెళ్లినప్పుడు ట్యాబ్ పట్టుకున్న సర్వీస్ అడ్వైజర్ కుర్రాడు నేను చెప్పిందంతా తలూపుతూ విన్నాడు, విని "బ్రేక్ నాయిస్" అని నొక్కాడు. నాయిస్ కాదు బాబూ, వేడెక్కుతోంది అన్నాను. "లిస్టులో హీట్ అనే ఆప్షన్ లేదు సార్, నాయిస్ అని పెడతాను, లోపల వాళ్లు చూసుకుంటారు" అన్నాడు. లోపల వాళ్లు నాయిస్ కోసమే చూశారు, నాయిస్ లేదు, కాబట్టి కారు బాగుంది. సాయంత్రం తాళాలిస్తూ "టెస్ట్ డ్రైవ్ చేశాం సార్, బ్రేకులు సూపర్‌గా పడుతున్నాయి" అన్నాడు. కారు మాత్రం తళతళా కడిగి పెట్టారు. బిల్లులో ఏసీ డిసిన్‌ఫెక్షన్ కూడా ఉంది, నేను అడగలేదు.

ఆ తర్వాత మళ్లీ వెళ్తే ఆ కుర్రాడు మానేశాడట. కొత్తాయన వచ్చాడు, కథ మొదట్నుంచీ చెప్పాను. "సరే సార్, మీరు లాంజ్‌లో కూర్చోండి" అన్నాడు. పొద్దున పెట్టిన కారు మధ్యాహ్నం భోజనాల దాకా మీ యార్డులో చెట్టుకింద అలాగే ఉంది. అప్పుడు ఆయన నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, వంగి, ఎడమ చక్రం మీద అరచెయ్యి ఆనించి, "చూడండి సార్, చల్లగానే ఉంది కదా!" అన్నాడు. అక్కడితో ఆగలేదు, నా చెయ్యి కూడా పట్టుకుని దానిమీద పెట్టించాడు. గంటల తరబడి కదలని బండి చక్రం చల్లగా ఉండక ఏం చేస్తుందండీ? నడిపి చూద్దాం రమ్మంటే టెస్ట్ డ్రైవ్ చేసే టెక్నీషియన్ సెలవులో ఉన్నాడన్నాడు.

ఇంకోసారి తప్పు నామీదికే తోశారు. "మీ డ్రైవింగ్ స్టైల్ అయ్యుంటుంది సార్, చాలామంది బ్రేకు మీద కాలు ఉంచేస్తారు." నేను బ్రేకు మీద కాలు ఉంచితే నాలుగు చక్రాలకీ పడాలి కదా, నా కాలు ఎడమ ముందు చక్రాన్నే ఎలా వెతుక్కుని పట్టుకుంటుందో చెప్పమన్నాను. ఆయన సీరియస్‌గా ఆలోచించి "వర్క్స్ మేనేజర్ గారిని అడగాలి సార్" అన్నాడు. ఆ వర్క్స్ మేనేజర్ గారిని నేను ఇంతవరకూ కళ్లతో చూడలేదు. ఎప్పుడడిగినా మీటింగ్‌లో ఉంటారు.

"డిస్క్ బ్రేకులకి కొద్దిగా రాపిడి నార్మలే సార్" అన్నవాళ్లూ ఉన్నారు. అది నిజమే, నాకూ తెలుసు. ఎలా తెలుసంటారా, మీ లాంజ్ పుణ్యమే. అక్కడ కాఫీ మిషన్ పనిచెయ్యదు, టీవీలో మీ ప్రకటనే తిరుగుతూ ఉంటుంది, వైఫై మాత్రం బాగుంది. మీరు చెబితే వినేవాణ్ణి, చెప్పలేదు గనక కూర్చుని చదువుకున్నాను.

డ్రమ్ బ్రేకులో లైనింగుని వెనక్కి లాగడానికి స్ప్రింగులుంటాయి. డిస్క్ బ్రేకులో చాలా కార్లకి అలాంటిదేమీ ఉండదు. చక్రంతో తిరిగే డిస్కుని ప్యాడ్లు నొక్కి పట్టుకుంటాయి, ఆ ప్యాడ్లని తోసే పిస్టన్ కాలిపర్ అనే బిగింపులో ఉంటుంది. ఆ పిస్టన్ చుట్టూ ఒక రబ్బరు సీలు ఉంటుంది, కోసి చూస్తే చదరంగా కనిపిస్తుందట. బ్రేకు తొక్కినప్పుడు పిస్టన్ ముందుకి జరుగుతుంటే ఆ సీలు దాన్ని అంటుకునే కాస్త మెలి తిరుగుతుంది, కాలు తియ్యగానే మెలి విప్పుకుంటూ పిస్టన్‌ని వెనక్కి లాగుతుంది. ఎంత? మిల్లీమీటరులో చిన్న భాగం. చక్రం ఫ్రీగా తిరగాలంటే ఆధారం ఆ వెంట్రుకవాసి సందే. ఆ సీలు కూర్చునే గాడి అంచుని ఏ కోణంలో చెక్కారన్నదాన్ని బట్టి పిస్టన్ ఎంత వెనక్కి వస్తుందో తేలుతుంది. ఎక్కువ వెనక్కి వచ్చేలా చేస్తే రాపిడి పోతుంది గానీ, తర్వాతిసారి పెడల్ లోతుగా దిగితే తప్ప బ్రేకు అందదు. తక్కువ చేస్తే పెడల్ గట్టిగా ఉంటుంది, ప్యాడ్ డిస్కుని రాసుకుంటూనే ఉంటుంది. దీనికోసమే 1980 మోడల్ కార్లలో జనరల్ మోటార్స్ వాళ్లు పిస్టన్‌ని మామూలుకంటే ఎక్కువ వెనక్కి లాగే కాలిపర్లు పెట్టి, ఆ పెరిగిన సందు పూడ్చడానికి పెడల్ తొక్కగానే ముందు ఎక్కువ ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్ జతచేశారట. పెట్రోలు ఆదా కోసం. ఇంకొందరు ప్యాడ్లని రెండువైపులకీ విడదీసే సన్నటి స్ప్రింగ్ క్లిప్పులు పెడతారు. ఇంత బుర్ర పెట్టి చేసే వస్తువు గురించి మీవాళ్ల దగ్గరున్న జ్ఞానం "చల్లగానే ఉంది కదా సార్".

ఇదంతా మీకు పాఠం చెప్పడానికి రాయట్లేదు, మీ ఇంజినీర్లకి నాకంటే బాగా తెలుసు. 2022-23 నుంచి కంపెనీ అమ్మే కార్ల సగటు కిలోమీటరుకి దాదాపు 113 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ లోపు ఉండాలని కేంద్రం పట్టుబట్టినప్పుడు చక్రం దగ్గర రాపిడి ఎంత తగ్గితే ఎంత లాభమో మీరు లెక్కలు కట్టే ఉంటారు. సర్కారు లెక్కకి గ్రాముల్లో తూచే రాపిడి నా ఇంటి ముందు కారుకొచ్చేసరికి "నార్మల్" ఎలా అయిందన్నదే నా అనుమానం.

చివరికి ప్యాడ్లు మార్చారు, నా డబ్బుతో. "వేర్ అండ్ టేర్ సార్, వారంటీలో రావు." ప్యాడ్లు అరగడం సహజమే, ఒప్పుకుంటాను, కానీ ఎందుకు అరిగాయో చూడకుండా మారిస్తే కొత్తవి మాత్రం మిగులుతాయా? మిగల్లేదు. మళ్లీ అదే వేడి, అదే వాసన.

అప్పుడే ఆటోనగర్ వెళ్లాను. మీవాళ్లు "బయట విప్పిస్తే వారంటీ పోతుంది" అని ముందే బెదిరించారు గనక చక్రం ఒక్కటే ఊడదీయించాను, మీ కాలిపర్ బోల్టు మీద పానా కూడా పెట్టలేదు, వీడియో ఉంది. మా నాన్నగారి కాలం నుంచీ తెలిసిన మెకానిక్, పెద్దాయన. జాకీ ఎత్తి ముందు కుడి చక్రం తిప్పాడు, ఫ్రీగా తిరిగింది. ఎడమది తిప్పాడు, సర్ర్‌మని అరచుట్టు కూడా పోకుండా ఆగింది. చక్రం తీసి కాలిపర్ సందులోంచి టార్చి వేసి చూపించాడు. బయటి ప్యాడ్ దాదాపు కొత్తదిలాగే ఉంది, లోపలి ప్యాడ్ అప్పడమంత మందానికి వచ్చేసింది. "ఇది చూశారా బాబూ, రెండూ సమానంగా అరగాలి. కాలిపర్ ఈ పిన్నుల మీద అటూ ఇటూ జరగాలి, అప్పుడే బయటి ప్యాడ్ కూడా పనిచేసేది." కుడివైపు కాలిపర్ పట్టుకుని ఊపాడు, కదిలింది. ఎడమది కదల్లేదు. పిన్ను మీద రబ్బరు బూటు చిరిగి ఉంది, వేలితో తడిమితే తుప్పు అంటింది. "గ్రీజు ఆరిపోయి పిన్ను పట్టేసినట్టుంది. విప్పి తోమి గ్రీజు పెట్టాలి. అదీ ఏ గ్రీజు పడితే అది కాదు, మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బిపోతుంది, దీనికి వేరే ఉంటుంది. పనిలో పనిగా పిస్టన్ సీలు కూడా చూడమనండి. కంపెనీ వాళ్లకి చెప్పండి, వాళ్లకి తెలుస్తుంది."

కంపెనీ వాళ్లకి తెలుస్తుందట! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టీ డబ్బులు కూడా తీసుకోలేదాయన. చిరిగిన ఆ బూటులోకి మీ ఫోమ్ వాష్ నీళ్లు ఎన్ని పోయుంటాయో మీరే ఊహించుకోండి, అడిగినా అడక్కపోయినా మీరు శ్రద్ధగా చేసిన పని అదొక్కటే.

ఆ ఫొటోలు, వీడియో అన్నీ మీ మెయిల్‌కి పంపాను. "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని నిమిషంలో జవాబొచ్చింది, అంత వేగంగా జవాబు రావడం అదే మొదలూ చివరా. అది అభిప్రాయం కాదండీ బాబూ, అరిగిపోయిన ప్యాడు. ఫోన్ చేస్తే తెలుగుకి ఒక అంకె నొక్కమంటారు, నొక్కితే హిందీలో పలుకుతారు. ఒకసారి నిజంగానే తెలుగమ్మాయి తగిలింది, పాపం ఓపిగ్గా విన్నది, "రీజనల్ టీమ్‌కి ఎస్కలేట్ చేశాను సార్, వాళ్లే కాల్ చేస్తారు" అంది. ఆ రీజనల్ టీమ్ ఏ రీజన్‌లో ఉందో ఇప్పటికీ తెలియదు. నాకు వచ్చిన కాల్ ఒక్కటే, ఇన్సూరెన్స్ రెన్యూవల్ కోసం. అది మాత్రం తేదీ తప్పకుండా వచ్చింది.

ఇంకా వినండి. ఇంత జరిగాక మీ అడ్వైజర్ పర్సనల్ నంబరు నుంచి ఫోన్ చేసి "సార్, ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది, దయచేసి పదికి పది ఇవ్వండి, తొమ్మిదిచ్చినా నా ఇన్సెంటివ్ పోతుంది" అని బతిమాలాడు. పిల్లవాడి కడుపు కొట్టడం ఇష్టం లేక ఇచ్చాను. అంటే మీ రికార్డుల్లో నేను పదికి పది సంతోషంగా ఉన్న కస్టమర్ని. ఈ ఉత్తరం చదివి మీరు ఆ కుర్రాడి మీద పడితే మాత్రం ఊరుకోను. లిస్టులో హీట్ అనే ఆప్షన్ పెట్టనిది మీరు, వాడు కాదు.

మా నాన్నగారు కొన్న మొదటి కారు మీదే. మా బావగారు వేరే కంపెనీది బుక్ చేయబోతుంటే నేనే ఆపి మీ షోరూమ్‌కి తీసుకెళ్లాను. ఇప్పుడు ఆయన పండక్కి ఇంటికొస్తే ముందు నా ఎడమ చక్రం కేసి చూసి, తర్వాత నాకేసి చూస్తున్నాడు. బండి కొనేటప్పుడు మెడలో దండ వేసి, కేక్ కోయించి, కుటుంబంతో ఫొటో తీసి "వెల్‌కమ్ టు ది ఫ్యామిలీ" అన్నారు. ఫ్యామిలీలో ఎవరికైనా జ్వరమొస్తే కనీసం నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తారు, అదీ వేడిగా ఉన్నప్పుడు.

నాకు భయం ఎక్కడంటే, శివరాత్రికి శ్రీశైలం వెళ్లే ఆలోచన ఉంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అసలే బ్రేకులు వేడెక్కుతాయి. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. అప్పుడు నా ఫిర్యాదు మీవాళ్లకి అర్థమయ్యేలా మారుతుంది, "బ్రేకులు పడట్లేదు" అని. దానికి లిస్టులో ఆప్షన్ ఉండే ఉంటుంది.

కాబట్టి ఆ కాలిపర్ విప్పండి, పిన్నులూ బూట్లూ సీలూ చూడండి, వారంటీలో మార్చాల్సింది మార్చండి, మీ నిర్లక్ష్యం వల్ల అరిగిన ప్యాడ్ల డబ్బు వెనక్కివ్వండి. ఏం చేశారో, అసలు కారణం ఏమిటో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి. నిజం చెప్పాలంటే డబ్బుకంటే ఆ కాగితమే నాకు ముఖ్యం, ఇంతకాలం నేను లేనిపోని జబ్బు చెప్పుకునే మనిషిలా నిలబడ్డాను మీ కౌంటర్ ముందు.

చెయ్యరా, మీ ఇష్టం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీ హెడ్డాఫీసు ఏ ఊళ్లో ఉన్నా నేనుండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు, లాయర్ని పెట్టుకోకుండా నేనే వాదించుకోవచ్చు. జాబ్ కార్డులన్నీ దాచాను, ప్రతిదాంట్లోనూ "బ్రేక్ నాయిస్" అని ఉంది. ఇదే మోడల్ నడిపేవాళ్ల వాట్సాప్ గ్రూపులో అడిగితే ఎడమ చక్రం కథ నా ఒక్కడిదే కాదని కూడా తేలింది. లోపమున్న బండ్లని వెనక్కి పిలిపించమని కంపెనీని ఆదేశించే అధికారం మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో ప్రభుత్వానికి వచ్చింది. ఆ దారి కూడా చదివి పెట్టుకున్నాను, అదీ మీ లాంజ్‌లోనే.

ఈ వారంలో ఫోన్ చెయ్యండి. చేసేవాళ్లకి కారు ఎందుకొచ్చిందో ముందే చెప్పి చేయించండి, నేను మళ్లీ మొదట్నుంచి చెప్పను. ఇన్సూరెన్స్ వాళ్లయితే వద్దు.

ఇట్లు,
మీ రికార్డుల్లో పదికి పది ఇచ్చిన కస్టమర్,
విజయవాడ