పెట్‌లో వెలగని మచ్చలు

ప్రియమైన మిత్రమా,

కాలేయ క్యాన్సరున్న మీ పెదనాన్నగారి పెట్ స్కాన్‌లో ఎక్కడా వెలుగు కనబడలేదని, అయినా ఛాతీ సీటీలో ఊపిరితిత్తుల నిండా చిన్న మచ్చలున్నాయంటున్నారని, ఈ రెంటిలో దేన్ని నమ్మాలో తెలియడం లేదని రాశావు. రోజూ స్కాన్లు చదివే నన్ను కూడా మొదట్లో ఈ సందేహం చాలా తికమకపెట్టింది.

పెట్‌లో మనకు కనబడేది గడ్డ కాదు, అది పీల్చుకున్న చక్కెర. స్కానుకు ముందు ఎక్కించే రేడియోధార్మిక గ్లూకోజు కణంలోకి వెళ్ళాక దానికి ఫాస్ఫేటు తగులుకుంటుంది. ఇక బయటికి రాలేక అక్కడే పోగుపడుతుంది. ఆ ఫాస్ఫేటును ఊడదీసే ఎంజైము మాత్రం కాలేయ కణానికి సహజంగానే ఉంది, ఎందుకంటే ఆకలి వేళ రక్తానికి చక్కెర అందించవలసింది అదే. కాలేయ కణాల పోలికలు ఇంకా పోని క్యాన్సరు ఎక్కడికి పాకినా ఆ ఎంజైమును వెంట తీసుకుపోతుంది గనుక, లోపలికి వెళ్ళిన చక్కెర మళ్ళీ జారిపోతుంది. పైగా మరీ చిన్న మచ్చలను పెట్ పట్టుకోలేదు. విచిత్రమేమిటంటే, బాగా వెలిగే గడ్డలే తరచుగా దూకుడైనవి.

కాలేయ క్యాన్సరు బయటికి పాకితే ఎక్కువగా చేరేది ఊపిరితిత్తులకే కాబట్టి ఛాతీ సీటీ తీయించడం సరైన పనే. పొట్ట సీటీలో మాత్రం వేళ ముఖ్యం. ఆరోగ్యమైన కాలేయానికి ముప్పాతిక వంతు రక్తం పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా వస్తే, ఈ గడ్డకు ప్రధానంగా ధమని నుంచి వస్తుంది. అందుకే కాంట్రాస్టు (రక్తనాళాలు స్పష్టంగా కనబడేందుకు ఇచ్చే మందు) ఎక్కించిన సుమారు 35 సెకన్లకు గడ్డ మెరిసి, 70 సెకన్ల తరువాతి చిత్రాల్లో చుట్టూ ఉన్న కాలేయం కంటే నల్లబడుతుంది. మూత్రపిండం పైనుండే అడ్రినల్ గ్రంథికి పాకిన గడ్డలోనూ ఆ తొలి మెరుపు తరచుగా కనబడుతుంది కనుక, ఒకే దశలో తీసిన సీటీతో సరిపెట్టుకోవద్దు.

ఎముకల నొప్పి ఉందేమో అడుగు. ఈ క్యాన్సరు ఎముకను తినేస్తుంది; బోన్ స్కాన్ చూపేది కొత్తగా ఎముక కట్టే చోటు గనుక ఒక్కోసారి తప్పిపోతుంది, ఎమ్మారై మేలు. కాలేయం పక్కన ఉబ్బిన లింఫు గ్రంథులను చూసి మాత్రం బెంబేలెత్తకు, కాలేయం గట్టిపడిపోయే సిర్రోసిస్‌లో అవి క్యాన్సరు లేకపోయినా పెరుగుతాయి. నేనే ఒకసారి తొందరపడి పాకిందని రాసి, బయాప్సీలో వట్టి వాపని తేలాక తల దించుకున్నాను.

రిపోర్టు ఒక్కటే కాకుండా సీడీ కూడా పంపు. పాత ఛాతీ సీటీ ఏదైనా ఉంటే అదీ జత చెయ్యి, ఆ మచ్చలు అప్పటికే ఉన్నాయో లేదో చూడాలి.

నీ
మిత్రుడు