నరాల ప్రేరణ వార్తలు, లంక గ్రామాల అవసరం

సంపాదకుల వారికి నమస్కారాలు.

గుండె ఆగి తిరిగి కొట్టుకున్న రోగులకు వేగస్ నరాన్ని స్వల్ప విద్యుత్తుతో ప్రేరేపిస్తే మెదడుకు నష్టం తగ్గవచ్చన్న పరిశోధనల గురించి పత్రికల్లో చదువుతున్నాం. కోనసీమలో ప్రభుత్వాసుపత్రి స్టాఫ్ నర్సుగా చాలాకాలం పనిచేసిన నాకు అవి సంతోషం కలిగించాయి. అయితే వెంటిలేటర్ మీద మనిషిని పెట్టుకున్న కుటుంబం అలాంటి వార్త చదివితే, పొలం అమ్మయినా ఆ యంత్రం తెప్పించమని డాక్టరు కాళ్లావేళ్లా పడుతుంది. అందుకే ఈ లేఖ.

వేగస్ మెదడు నుంచి మెడ మీదుగా గుండెకు, కడుపుకు దిగే నరం. మందులకు లొంగని మూర్ఛకు, దాన్ని ప్రేరేపించే పరికరాన్ని ఛాతీ చర్మం కింద అమర్చడానికి అమెరికాలో 1997లోనే అనుమతి వచ్చింది. గుండె ఆగినప్పుడు రక్తం అందక మెదడు ఒకసారి దెబ్బతింటుంది. రక్తం మళ్లీ పారడం మొదలయ్యాక రేగే ప్రతిచర్యల వల్ల మరోసారి దెబ్బతింటుంది. ఈ రెండో దెబ్బను తగ్గించగలమా అన్నదే పరిశోధన. ఎలుకల్లో ఆశాజనకమైన ఫలితాలు వచ్చాయి కాని, మనుషుల్లో ఇది ఇంకా ప్రామాణిక చికిత్స కాలేదు. ఆ మాట వార్త చివర కాక మొదట్లోనే ఉండాలని నా మనవి.

ఐసీయూలో ఇప్పటికి మన చేతుల్లో ఉన్నది జ్వరం రానివ్వకుండా, రక్తపోటు పడిపోకుండా కాచుకోవడం, కనురెప్ప ఎత్తి టార్చి వెలుగుకు కంటిపాప ముడుచుకుంటోందో లేదో పదేపదే చూడటం. కోమాలో ఉన్నవారు కోలుకుంటారా అన్నది సాధారణంగా 72 గంటలైనా గడవనిదే తేల్చకూడదు. రెండో రోజే ఆశ వదిలి ఇంటికి తీసుకుపోతామనే బంధువులు ఇది తప్పక తెలుసుకోవాలి.

ఇంతకీ ఆసుపత్రికి చేరేసరికి మెదడు ఎంత మిగిలిందన్నది చాలావరకు ఏటిగట్టు మీదే తేలిపోతుంది. రక్తం అందకపోతే నాలుగైదు నిమిషాలకే మెదడు కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. గోదావరి పాయల మధ్య, పడవలో ఏరు దాటి వెళ్లవలసిన లంక గ్రామానికి 108 సిబ్బంది ఎంత త్వరపడినా అంతలో చేరుకోలేరు. మనిషి కుప్పకూలి, పిలిచినా పలకనప్పుడు, ఎగశ్వాస వస్తుంటే ఊపిరి ఉందనుకుని మొహాన నీళ్లు చల్లుతూ కూర్చుంటాం. నిజానికి అది గుండె ఆగిన గుర్తు కావచ్చు. వెంటనే 108కు ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో అరచేతి మీద అరచేయి ఉంచి, మోచేతులు వంచకుండా, పెద్దవారికైతే కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండాలి. కాలవలో మునిగినవారికి నోటితో ఊపిరి కూడా అందించాలి. ఇది జరగకపోతే, రేపు నరాల ప్రేరణ అందుబాటులోకి వచ్చినా దానితో కాపాడుకోవడానికి మెదడు మిగలదు.

కాబట్టి లంకల్లోని ఆశా కార్యకర్తలకు, పడవ సరంగులకు, కొబ్బరికాయలు దింపే కార్మికులకు బొమ్మల మీద ఇలా ఛాతీ నొక్కే సీపీఆర్ సాధన చేయించాలని జిల్లా వైద్యాధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. సఖినేటిపల్లి రేవులో పంటు నడిపే సిబ్బందితో ఈ శిక్షణ మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
విశ్రాంత స్టాఫ్ నర్సు, రాజోలు