వాక్యం చివర వినపడాలి

సంపాదకులకు,

సభల్లో ఉపన్యాసం విసుగు పుట్టిస్తే వక్తకు సరుకు లేదని అనేస్తారు. చాలాసార్లు సరుకు ఉంటుంది, వినపడదు. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. ‘చేయాలి’, ‘చేయకూడదు’, ‘లేదు’ అన్నీ అక్కడే తేలాలి. పొడవాటి వాక్యం ఎత్తుకున్నవారికి సరిగ్గా అక్కడికి వచ్చేసరికి ఊపిరి అయిపోయి గొంతు దిగిపోతుంది. వెనక వరుసల్లో ఉన్నవారికి అవునన్నారో కాదన్నారో తెలియదు.

అందుకే రాసుకున్నది పైకి చదివి చూసుకోవాలి. ఒక్క గుక్కలో పూర్తికాని ప్రతి వాక్యాన్నీ రెండుగా విరవాలి. చివరి మాట పూర్తిగా పలికి, పెదవులు మూసి, ముక్కుతో ఊపిరి తీసుకున్నాకే తర్వాతి వాక్యం మొదలుపెట్టాలి. ‘అంటే’, ‘మరి’, ‘ఆఁ’ లాంటి ఊతపదాలు దూరేది ఆ ఖాళీలోనే. పెదవులు మూసి ఉంటే అవి రావు.

మైకు నోటికి పిడికెడు దూరంలో, కాస్త పక్కకు వంచి ఉండాలి. మరీ సూటిగా ఉంటే ప, ఫ, భ పలికినప్పుడల్లా గాలి తగిలి దబ్బుమంటుంది. మైకు తల చుట్టూ అరచెయ్యి వేసి పట్టుకుంటే కూత పెడుతుంది. వెనకనుంచి వచ్చే శబ్దాన్ని తగ్గించే రంధ్రాలు చేతికింద మూసుకుపోవడమే అందుకు కారణం. స్పీకరు పెట్టెల ముందుకు మైకుతో నడిచినా అంతే.

మొత్తం కంఠస్థం చేయడాన్ని మేం సమర్థించం. ఒక్క మాట జారితే ఆ తర్వాతిదంతా జారుతుంది. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు నోటికి వస్తే చాలు. మధ్యభాగానికి చీటీ మీద నాలుగైదు మాటలు లావు అక్షరాల్లో రాసుకోవాలి. 1963 ఆగస్టులో వాషింగ్టన్‌లో అమెరికా నల్లజాతి హక్కుల నేత మార్టిన్ లూథర్ కింగ్ ‘నాకొక కల ఉంది’ అంటూ చెప్పిన ప్రసిద్ధ భాగం ఆయన చేతిలోని ప్రతిలో లేదు. అలాగని అప్పటికప్పుడు పుట్టిందీ కాదు, అదే ఏడాది జూన్‌లో డెట్రాయిట్ సభలో ఆ ధోరణిలో మాట్లాడారు. ఆశువుగా మాట్లాడతామని ఏమీ చూసుకోకుండా వేదిక ఎక్కేవారు ఇది గమనించాలి.

పది నిమిషాలు ఇస్తే ఎనిమిదికే సిద్ధమవ్వాలి. మధ్యలో సమయం తగ్గించమంటే వేగం పెంచకుండా ఒక అంశాన్ని పూర్తిగా వదిలేయాలి. నిర్వాహకులకూ ఒక మనవి: ఎవరికి ఎన్ని నిమిషాలో ఆహ్వానంతోపాటే తెలపండి. వేదిక మీద ఉన్న పెద్దలందరి పేర్లూ అధ్యక్షులు ఒక్కసారి చెప్పేస్తే, ప్రతి వక్తా మళ్లీ చదవనక్కర్లేదు.

– ఉపన్యాస శిక్షణ ఇచ్చే అధ్యాపకులు