వార్షిక నివేదిక: కల్పవల్లి యాత్ర, ఇతర కార్యక్రమాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడు మన తల్లిదండ్రుల సంఘం సమయంలో, చర్చల్లో, డబ్బులో పెద్ద భాగం ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల కల్పవల్లి యాత్రకే పోయింది. అందుకే నివేదికలోనూ సింహభాగం దానిదే. వచ్చే ఏడు బాధ్యత తీసుకునే కమిటీకి అక్కరకొస్తాయని కొలతలు, లెక్కలు, పొరపాట్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాం.

చోటు గురించి రెండు ముక్కలు. టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడు నేలతో మొదలైంది. తర్వాత రెండు మూడేళ్లకు ముష్టికోవెల గ్రామస్తులతో కలిసి చుట్టుపక్కల బోడి గుట్టలను కాపాడే పని చేపట్టారు. ఆ గుట్టలే ఇప్పటి కల్పవల్లి. చుట్టూ ఉన్న ఊళ్ల వాళ్లు ఉమ్మడిగా చూసుకునే వేల ఎకరాల గడ్డి, పొదలు, వంకల వెంట ఈత చెట్లు. అక్కడ నాటిన మొక్కల కన్నా నరకకుండా, తగలబడకుండా కాసిన కాపలా ఎక్కువ పనిచేసింది. నేలలో మిగిలిన మోడులు, వేళ్లు, విత్తనాలు వాటంతటవే లేచాయి. బోద గడ్డి ఇళ్ల కప్పుకూ పశువులకూ, ఈత ఆకు చీపుళ్లకూ బుట్టలకూ పనికొస్తాయి. గుట్టల్లో తోడేళ్లు కూడా ఉన్నాయి. పిల్లలు అడిగారు కానీ, పగటిపూట నలభై మంది కేకలు వేస్తూ నడిచే చోటికి అవి రావు.

నాటడం కన్నా కాపలాయే ఎక్కువ పనిచేసిన చోటు కనుక, మట్టి ముద్దలో గింజ పెట్టి విసిరే విత్తన బంతుల కార్యక్రమాన్ని ఈసారి తీసేశాం. కొందరు సభ్యులు నొచ్చుకున్నారు కనుక కారణం చెప్పాలి. యాత్ర జరిగిన నవంబరు వచ్చేసరికి మన జిల్లాల్లో వానలు చాలావరకు తగ్గిపోతాయి. బంతి మట్టి ఎండి రాయి అవుతుంది. పగిలిన దాంట్లోని గింజను చీమలో ఎలుకలో తింటాయి. మిగిలి మొలిచినా నడుమెత్తు గడ్డి నీడలో బతకదు. విత్తన బంతులు వేయాలంటే తొలకరికి ముందు, బోడి నేల మీద వేయాలి. ఫోటోకు బాగుంటుందని వేస్తే గింజలు దండగ.

యాత్ర నవంబరు రెండో శనివారం, బడికి సెలవు రోజున జరిగింది. 42 మంది పిల్లలు, నలుగురు పెద్దలు. వారం ముందే ఇద్దరు సభ్యులు వెళ్లి మూడు సంగతులు చూసొచ్చారు: బస్సు ఎక్కడిదాకా పోతుంది, ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఎక్కడుంది, పాముకాటు మందు ఉన్న దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి ఏది. గడ్డిలో రక్తపింజరి ఉండొచ్చు కనుక బూట్లు, నిండు ప్యాంటు తప్పనిసరి అన్నాం. అయినా ఐదుగురు చెప్పులతో వచ్చారు. వాళ్లను గడ్డిలోకి దించకుండా బండి దారి మీది పని అప్పగించాం. వచ్చే ఏడు బస్సెక్కే చోటే కాళ్లు చూడాలి.

మొదటి పని ఏ-ఫ్రేమ్. వాన నీటిని నిలిపే వాటర్‌షెడ్ పనుల్లో కాంటూరు, అంటే వాలు మీద ఒకే ఎత్తులో సాగే గీత, గుర్తించడానికి వాడేదే. ఏడడుగుల వెదురు కర్రలు రెండింటిని పైన కలిపి, కాళ్ల మధ్య ఆరడుగుల ఎడం ఉంచి, సగం ఎత్తులో అడ్డకర్ర కట్టాలి. పైముడి నుంచి దారానికి కట్టిన రాయి అడ్డకర్ర కిందికి దిగి వేలాడాలి. కాళ్లు ఆనిన రెండు చోట్లా నేల మీద గుర్తు పెట్టి, దారం అడ్డకర్రను తాకిన చోట గీత గీయాలి. తర్వాత కుడికాలు ఎడమ గుర్తు మీదికి, ఎడమకాలు కుడి గుర్తు మీదికి మార్చి మళ్లీ గీయాలి. రెండు గీతలకూ సరిగ్గా నడుమ ఉన్నదే మట్టం. ఇక ఒక కాలు కదపకుండా, రెండో కాలిని దారం నడిమి గీత మీదికి వచ్చేదాకా పైకో కిందికో జరుపుతూ, ఒక్కో అంగకూ ముగ్గు పిండి వేసుకుంటూ పోవాలి.

ఆరు జట్లలో రెండు జట్ల గీతలు పల్లంలోకి జారిపోయాయి. ఒక జట్టుకు అడ్డకర్ర ముడి వదులై కాళ్ల ఎడం మారింది. అలా మారితే మట్టం గీత చెడినట్టే, మొదటి నుంచీ సరిచూసుకోవాల్సిందే. ఇంకో జట్టు చిన్న గులకరాయి కట్టింది. గుట్ట మీది గాలికి అది ఊగుతూనే ఉంది. పావు కిలో బరువైనా ఉండాలి. కాలు గడ్డి దుబ్బు మీదో రాయి మీదో ఆనకుండా చూసేందుకు జట్టుకొకరిని పెట్టాలి. అంగకు అంగుళం చొప్పున తప్పితే పది అంగలకు, అంటే అరవై అడుగులకు, పది అంగుళాలు. ఆ గీత మీద కందకం తవ్వితే నీళ్లు అందులో నిలవవు, పల్లపు కొనకు పరుగెత్తి కట్ట తెంచుతాయి. పిల్లలు తవ్వలేదు, ముగ్గు గీతలతోనే ఆపాం.

రెండో పని నీళ్లు ఇంకే వేగం చూడటం. ఆరంగుళాల పీవీసీ పైపు జానెడు ముక్కను చెక్క అడ్డం పెట్టి రెండంగుళాలు నేలలోకి దిగగొట్టాం. లోపల ఆకు పరిచి, మట్టి రేగకుండా లీటరు నీళ్లు పోశాం. ఆ పైపులో లీటరంటే దాదాపు 55 మి.మీ. వానతో సమానం. పొద కింద నాలుగైదు నిమిషాల్లో ఇంకిపోయింది. బండి దారి మీద అరగంటకూ సగం అలాగే ఉంది. పైపు కొట్టేటప్పుడు నేల పగిలితే నీళ్లు పక్కల నుంచి జారి లెక్క తప్పుతుంది కనుక చుట్టూ తడిమట్టి మెత్తాలి. గాలిమరల కోసం గుట్టల మీద వేసిన రోడ్ల అంచున పడిన కోతను ఈ పని తర్వాత చూపించాం. ముందే చూపిస్తే అది వట్టి గుంటలాగే కనిపిస్తుంది.

అనంతపురం వైపు ఏడాది సగటు వాన సుమారు 550 మి.మీ. ఎకరానికి లెక్కేస్తే 22 లక్షల లీటర్ల పైమాటే. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు వందల నలభై! బస్సులో పిల్లలు మూడుసార్లు లెక్క తిరగేసి గానీ నమ్మలేదు.

వేళాపట్టికలో లేనిది ఒకటి. ములికిలా గుచ్చుకునే గింజ ఉన్న గడ్డి అందరి సాక్సులకూ అంటుకుంది. ఒక గింజను తడి అరచేతిలో పెడితే దాని పొడవాటి తోక మెలి విప్పుకుంటూ చుట్టూ తిరగసాగింది. వాన తడికి అలా తిరిగే నేలలోకి దిగుతుంది. పావుగంట పాటు ఎవరూ కదల్లేదు. మూడో పనిగా పెట్టుకున్న పక్షుల లెక్క ఆ పావుగంటలో కొట్టుకుపోయింది. పోతే పోయింది. ఒక రోజుకు రెండు పనులే చాలు.

భోజనం కొర్ర పులిహోర, పెరుగు. కొర్రలు అక్కడి రైతుల ధరణి సహకార సంఘం వాళ్లవి, 46 మందికి 4 కిలోలు. ఉదయం అయిదింటికి వండింది ఒంటిగంటకు పొడిపొడిగా ఎండి గొంతు పట్టింది. బియ్యానికి పోసినట్టు కొలతకు రెండు కొలతల నీళ్లు పోయడం తప్పు. గంట నానబెట్టి మూడు కొలతలు పోయాలి, నూనె కాస్త ఎక్కువ పట్టించాలి. తాగునీటికి 20 లీటర్ల క్యాన్లు అయిదు తీసుకెళితే సరిగ్గా సరిపోయాయి. స్టీలు గ్లాసులు ఇంటి నుంచే తెచ్చుకోమన్నాం. చెత్త తిరిగి బస్సులోనే వచ్చింది.

మిగతా కార్యక్రమాలు: ఏప్రిల్, మే నెలల్లో బడి గేటు దగ్గర చలివేంద్రం నడిచింది. పాత పాఠ్యపుస్తకాల మార్పిడి జూన్‌లో జరిగింది. పదో తరగతి గైడ్లు తప్ప అన్నీ మిగిలాయి. సర్వసభ్య సమావేశం ఒకసారి కోరం లేక వాయిదా పడి, రెండోసారి జరిగింది.

యాత్ర ఖర్చు: బస్సు అద్దె 11,500, భోజనం 4,600, అక్కడి సంస్థకు విరాళం 5,000, వెదురు, పైపు, తాడు వగైరా 900. మొత్తం 22,000 రూపాయలు. పిల్లల నుంచి తలా 450 చొప్పున 18,900 వచ్చింది. మిగిలిన 3,100 సంఘం నిధి నుంచి ఇచ్చాం. రశీదులు కోశాధికారి దగ్గర ఉన్నాయి. ఏ-ఫ్రేములు ఆరూ, పైపు ముక్కలూ సైన్సు ల్యాబులో భద్రం చేశాం. వచ్చే ఏడు విడతకు పిల్లల సంఖ్యను 30కి తగ్గించి రెండు విడతలుగా తీసుకెళ్లాలన్న ప్రతిపాదన రాబోయే సమావేశంలో ఓటుకు వస్తుంది. అలా చేస్తే బస్సు అద్దె రెండింతలవుతుందని గమనించి రండి.