రెండో గేమ్‌లో హంగులు ఎంతవరకు, ఎక్కడ

చదువుతూ ఆడే మా మొదటి కథా గేమ్ కొన్న అందరికీ నమస్కారం. రెండో భాగం తీస్తున్నామని చెప్పినప్పటి నుంచి వస్తున్నవి రెండు రకాల మెసేజ్‌లే. "ఈసారైనా మొహాలు చూపించండి, డబ్బింగ్ పెట్టండి" అని కొందరు, "బాబ్బాబు, ఏమీ ముట్టుకోకండి" అని కొందరు. మొదటి భాగంలో ఉన్నదల్లా నల్ల తెర, తెల్ల అక్షరాలు, స్టేషన్ మాస్టర్ గది బొమ్మ ఒకటి, వాన చప్పుడు. ఈసారి చేతిలో కాస్త డబ్బుంది. అది దేనికి పెడుతున్నాం, దేనికి పెట్టడం లేదు అన్నది మీకు ముందే తెలియడం మంచిది.

మొహాలు పెట్టడం లేదు. ఆరు పాత్రలు, ఒక్కొక్కరికి మూడు పోజులు, రెండు జతల బట్టలు, పది హావభావాలు అనుకోండి. విడివిడిగా గీస్తే 360 బొమ్మలు. అలా ఎవరూ గీయరు. ఇలాంటి గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ రెన్‌పైలో ఒంటిని ఒక లేయర్‌గా, మొహాన్ని ఇంకో లేయర్‌గా పెట్టి అతికిస్తారు. అప్పుడు పాత్రకి ఆరు ఒళ్లు, పది మొహాలు, అంతా కలిపి 96 ముక్కలతో సరిపోతుంది. ఆ పొదుపు కావాలంటే మూడు పోజుల్లోనూ తల ఒకే కోణంలో ఉండాలి. పాత్ర చేతులు కట్టుకున్నా, వెనక్కి వాలినా మెడ మాత్రం మేకు కొట్టినట్టు కదలదు. తల కోణం మారిస్తే పది మొహాలూ మళ్లీ గీయాల్సిందే.

ఖర్చు కన్నా పెద్ద చిక్కు రాతలో వస్తుంది. "ఆమె ఏమీ అనలేదు" అన్న లైన్ దగ్గర ఇప్పటిదాకా ఎవరి ఊహ వాళ్లది. పక్కన మొహం పెట్టామంటే కోపమా, జాలా, అలసటా అన్నది మేమే తేల్చేసినట్టు. అలాంటి లైన్లు మొదటి భాగం నిండా ఉన్నాయి, జనానికి నచ్చినవీ అవే.

జపాన్‌లో 2002లో మొదలైన 'హిగురాషి' అనే ఇలాంటి గేమ్ సంగతి చూడండి. బొమ్మలు రచయితే గీసుకున్నాడు, బ్యాక్‌గ్రౌండ్లు ఫిల్టర్ కొట్టిన ఫొటోలు. 2007లో ప్లేస్టేషన్ 2కి వచ్చినప్పుడు కొత్త బొమ్మలు, గొంతులు అన్నీ చేరాయి. తర్వాత ఇంగ్లిష్‌లో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌కి తెచ్చినవాళ్లు ఇంకోసారి కొత్త బొమ్మలు వేయించారు. అయినా పాతవాటికి మారే మీట ఒకటి గేమ్‌లోనే ఉంచారు. కొత్తవి నీటుగానే ఉన్నాయి. ఆ వంకర బొమ్మల్లో ఉన్న బెరుకు మాత్రం వాటిలో లేదని మా అభిప్రాయం.

డబ్బింగ్ కూడా పెట్టడం లేదు, దాని లెక్కా చెప్తాం. స్క్రిప్ట్‌లో 6,000 డైలాగులు, సగటున నాలుగు సెకన్లు అంటే 24,000 సెకన్లు, ఆరు గంటల నలభై నిమిషాల ఆడియో. మోనోలో 64 కేబీపీఎస్‌కి కుదించినా 192 ఎంబీ. ఫైల్ సైజు పెద్ద అడ్డేం కాదు. అసలు అడ్డు స్క్రిప్ట్ లాక్, అంటే ఇక మాట మార్చకుండా రాత ఖాయం చేసేయడం. రికార్డింగ్ అయ్యాక ఒక్క మాట మార్చాలన్నా అదే ఆర్టిస్టు, అదే మైకు, అదే గది మళ్లీ దొరకాలి. లేకపోతే అతికించిన ముక్క చెవికి ఇట్టే పట్టుబడుతుంది. పైగా శ్రీకాకుళం యాస పలికే ఆర్టిస్టు కావాలి. "వస్తన్నావేటి" అన్నది కాగితం మీద చదివేస్తే కామెడీ ట్రాక్ అయిపోతుంది.

అలాగని హంగులే వద్దనే వాదన కాదు మాది. జపాన్‌లో 2000లో 'త్సుకిహిమే' అనే గేమ్ తీసిన చిన్న బృందమే కంపెనీ పెట్టుకుని 2004లో 'ఫేట్ స్టే నైట్' గేమ్ భారీగా తీసి నిలబడింది. అదే కంపెనీ 'త్సుకిహిమే'ని కొత్తగా తీస్తామని 2008లో చెప్పి 2021 ఆగస్టులో విడుదల చేసింది, అదీ ఇద్దరు హీరోయిన్ల కథల వరకే. కథ కొత్తదైతే హంగుకి చోటు దొరుకుతుంది. జనం మనసులో ఇప్పటికే బొమ్మ కట్టిన కథ మీద పోస్తే పని ఎప్పటికీ తెమలదు. 2023లో వచ్చిన 'స్లే ది ప్రిన్సెస్' చూడండి, బొమ్మలు పెన్సిల్ గీతలు, గొంతులు ప్రధానంగా ఇద్దరివే, కానీ మొత్తం ఆటకి. ఖర్చంతా ఒకచోట పెట్టారు, ఆ ఒకచోట పిసినారితనం చేయలేదు.

మేం పెడుతున్న చోటు శబ్దం. వాన ఈసారి ఒక్క ఫైల్ కాదు. రేకుల కప్పు మీద పడేది, ప్లాట్‌ఫాం మీద పడేది, చెట్టు నుంచి కారేది మూడూ వేరు వేరు చానళ్లు. మళ్లీ మళ్లీ తిరిగే ఈ లూపుల నిడివి 47, 61, 83 సెకన్లు. ఒకదానితో ఒకటి తెగని అంకెలు కాబట్టి మూడూ మళ్లీ ఒకేసారి మొదటికి రావడానికి 66 గంటలు పడుతుంది. మీరు ఎంత నెమ్మదిగా చదివినా "ఇది ఇందాక విన్నదే" అనిపించదు. లూపులన్నీ ఆగ్ ఫార్మాట్‌లోనే. ఎంపీ3లో ఫైల్ మొదట్లో, చివర్లో ఎన్‌కోడర్ కాస్త ఖాళీ చేరుస్తుంది, వాన చుట్టు తిరిగిన ప్రతిసారీ 'టిక్' మని ఆగినట్టు వినిపిస్తుంది.

బ్యాక్‌గ్రౌండ్లు పన్నెండు. పగటి బొమ్మనే రంగు మార్చి సాయంత్రం చేయొచ్చు, రాత్రి చేయలేం. మొత్తం ముదురు చేస్తే దీపం కూడా ఆరిపోయినట్టు అవుతుంది. అందుకని లాంతరు, సిగ్నల్ లైటు, కిటికీ వెలుగు విడి లేయర్లు. ఫుల్ హెచ్‌డీ లేయర్ ఒక్కోటి డిస్క్ మీద 200 కేబీయే ఉన్నా మెమరీలో విప్పితే 8 ఎంబీ తింటుంది. పాత ఫోన్లని దృష్టిలో పెట్టుకుని ఒక సీనుకి నాలుగు లేయర్లు దాటనివ్వడం లేదు.

ఇక తెలుగు అక్షరాలు. 2023లో వచ్చిన రెన్‌పై 8.1 నుంచి అక్షరాలని సరిగ్గా అమర్చే హార్ఫ్‌బజ్ ఉంది కాబట్టి 'లక్ష్మి' లాంటి మాటలో వత్తులు వాటి చోట అవే కూర్చుంటాయి. అంతకుముందు 'లక్‌ష్‌మి' అని విడివిడిగా పొల్లులతో పడేది. లైన్ల మధ్య ఎడం మాత్రం ఇంగ్లిష్ గేమ్‌ల కన్నా ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే 'స్త్రీ' కింది వత్తులు కింది లైను గుడి దీర్ఘానికి తగులుతాయి. అందుకే తెర మీద మాటల పెట్టెలో నాలుగు లైన్ల బదులు మూడే.

ధర ₹399. అందులో 18 శాతం జీఎస్టీ పోను ₹338, స్టోర్ వాటా 30 శాతం పోను మాకు మిగిలేది ₹237 దాకా. ఇంతకన్నా తగ్గిస్తే శబ్దం పనిలో కోత పెట్టాలి. విడుదల తేదీ స్క్రిప్ట్ లాక్ అయ్యాకే చెప్తాం. మొహాలు, డబ్బింగ్ ఉంటాయనుకుని ముందే బుక్ చేసుకున్నవాళ్లు ఆర్డర్ మెయిల్‌కి 'వాపసు' అని రాయండి, పూర్తి డబ్బు తిరిగి వేస్తాం, కారణం అడగం. మిగతావాళ్లకి డెమో లింక్ అదే మెయిల్‌కి వస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆడండి. ఎక్కడైనా వత్తు తెగినా, లైన్ పెట్టె దాటినా స్క్రీన్‌షాట్‌తో పాటు ఫోన్ మోడల్ కూడా రాసి పంపండి.