యాభై రూపాయల జరిమానా, యాభై కిలోల కుక్క

సంపాదకుల వారికి,

సంక్రాంతి వెళ్లిన వారానికి విజయనగరం పెద్దచెరువు గట్టు దగ్గర ఒక గ్రేట్‌డేన్ ఆడకుక్క పడి ఉందని మా కుక్కల క్లబ్బుకి ఫోను వచ్చింది. వెళ్లి చూస్తే లేచి నిలబడే ఓపిక కూడా లేదు దానికి. యాభై కిలోలు దాటి ఉండాల్సింది, ముప్ఫై కూడా లేదు. మెడ మీద బెల్టు ఒరుసుకున్న పుండు ఇంకా పచ్చిగానే ఉంది. పక్కన టీ కొట్టులో అడిగితే, "రాత్రి ఆటోలో తెచ్చి దింపేసి ఎలిపోనారు బాబూ" అన్నారు.

మా ఇంట్లోనూ గ్రేట్‌డేనే, ఆరేళ్లది. సాయంత్రం తోటపాలెం వీధుల్లో నడిపిస్తుంటే "ఏటి బాబూ, గుర్రమా కుక్కా?" అని ఎవరో ఒకరు అడగాల్సిందే. ఆ ముచ్చట చూసే చాలామంది పిల్లను కొనేస్తున్నారు. ఒళ్లో పట్టే పిల్ల ఏడాది తిరిగేసరికి మనిషంత బరువవుతుందని, దాని తిండికీ మందులకూ ఇంట్లో ఇంకో మనిషిని పోషించినంత అవుతుందని అమ్మేవాడు చెప్పడు. తినగానే పరిగెత్తించకూడదని, కడుపు ఉబ్బి మెలిపడితే గంటల్లో ఆపరేషన్ చేయించకపోతే దక్కదని అసలే చెప్పడు. ఇంత చేసినా ఈ జాతి బతికేది ఏడెనిమిదేళ్లు, మహా అయితే పది. మంచుకొండల సెయింట్ బెర్నార్డ్‌ని మన మే నెల ఉక్కలో డాబా మీద రేకుల షెడ్డులో కట్టేసినవాళ్లనీ చూశాను. వాళ్ల గురించి రాస్తే మీరు అచ్చు వేయలేరు.

క్లబ్బులో మేం చేసేది మరీ పెద్ద పనేమీ కాదు. ఆదివారాలు కొత్తవాళ్లకి గొలుసు పట్టడం నేర్పుతాం. జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులు) దినం నాడు, ఉచితంగా రేబిస్ టీకాలు వేసేచోట వరసలో కుక్కల్ని పట్టుకుంటాం. మిగతా రోజుల్లో "మాకు బదిలీ అయింది, దీన్ని మీరు తీసుకుపోండి" అనే ఫోన్లే.

పెంచేవాళ్ల తప్పులు నాకు తెలియనివి కావు. నాలుగేళ్ల కిందట గొలుసు లేకుండా వదిలితే మాది ఆడుకోబోయి ఎదురింటి పిల్లాడిని పడగొట్టింది. దెబ్బ చిన్నదే, కానీ వాడు ఆర్నెల్లు మా గేటు వైపు రాలేదు. అప్పటి నుంచి గొలుసు చెయ్యి దాటలేదు. రోడ్డు మీద అది చేసింది ఎత్తడానికి జేబులో పాత పేపరు కూడా ఉంటుంది. (మీ పత్రికే, మన్నించాలి.)

2024 మార్చిలో కేంద్రం రాట్‌వీలర్, పిట్‌బుల్ వంటి 23 జాతుల కుక్కల అమ్మకం, పెంపకం ఆపమని రాష్ట్రాలకు రాసింది. ఏప్రిల్లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ జాబితాలో గ్రేట్‌డేన్ పేరే లేదు కాబట్టి ఎటు తేలినా చెరువు గట్టు కుక్కకి ఒరిగేదేమీ లేదు. అసలు ఉన్న నిబంధనలు ఎవరు చూస్తున్నారు? కుక్కల పెంపకం, అమ్మకంపై 2017 నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, అమ్మే పిల్లకు మైక్రోచిప్ (ఏ కుక్కో గుర్తుపట్టడానికి చర్మం కింద పెట్టే నంబరు చిప్) ఉండాలి. ఇలా వదిలేస్తే మా దగ్గరకు చేరిన కుక్కల్లో చిప్ ఉన్నది ఒక్కటీ నేను చూడలేదు. పెంచుకున్న జంతువును ఆకలికి వదిలేయడం 1960 జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు! ఆ కుక్క ఒక పూట తినే గుడ్లకి చాలవు. అదైనా వేయాలంటే అది ఎవరి కుక్కో తెలియాలి కదా.

అందుకే కార్పొరేషన్ వారిని అడిగేది ఒక్కటే. ఈ జూలై 6న టీకాల బల్ల పక్కనే ఇంకో బల్ల వేయించండి. కుక్క వివరాలు, యజమాని పేరు, ఫోను నంబరు రాసుకుని చిప్ వేయించండి. రుసుము పెట్టండి, కడతాం. రాయడానికి మనుషులు లేకపోతే మా క్లబ్బు వాళ్లం వచ్చి కూర్చుంటాం.

ఆ ఆడకుక్క ఇప్పుడు మా సభ్యుడొకరి పశువులశాలలో ఉంది, కాస్త కోలుకుంది. పెంచుకుంటామని ముగ్గురు వచ్చారు. ముగ్గురూ ముందు అడిగింది ఒకటే మాట, "పిల్లల్ని పెడతాదా?" అని. ఇవ్వలేదు.

ఇట్లు,
ఒక గ్రేట్‌డేన్ యజమాని, కుక్కల క్లబ్బు వాలంటీరు,
తోటపాలెం, విజయనగరం