ఆటలో మాటకూ ఒక రూలు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

నేను దక్షిణ మధ్య రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి లోకో పైలట్‌గా రిటైర్ అయ్యాను. నా వయసువాడు వీడియో గేమ్‌ల మీద ఉత్తరం రాయడం మీకు వింతగా ఉండొచ్చు. గత నెల మా మనవరాలి జట్టుకు తోడుగా నగర శివార్లలో ఒక కాలేజీ ఫెస్ట్‌కు వెళ్ళాను. అక్కడ విన్నది ఇప్పటికీ మనసులోంచి పోవడం లేదు, అందుకే రాస్తున్నాను.

అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. వాలరెంట్ అనే కంప్యూటర్ ఆట ఆడుతుంది. తలుపు వేసుకుని ఒక్కతే అరుస్తోందని మొదట్లో నేనూ కోప్పడ్డాను. ఒకరోజు "ఒక్కదాన్నే కాదు తాతా, ఐదుగురం ఉన్నాం, ఒకసారి విను" అని హెడ్‌ఫోన్స్ తెచ్చి నా చెవులకు పెట్టింది. తెర మీద ఏం జరుగుతోందో నాకు పట్టుబడలేదు. మాటల తీరు మాత్రం వెంటనే తెలిసిపోయింది. మేం ఇంజన్ క్యాబ్‌లో మాట్లాడుకున్నట్టే ఉంది.

క్యాబ్‌లో సిగ్నల్ కనబడగానే లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ దాన్ని పైకి చెప్పి తీరాలి. ఒకరు "డిస్టెంట్, డబుల్ ఎల్లో" అంటే రెండోవారు తమ కళ్ళతో చూసి అదే మాట మళ్ళీ అనాలి. ఇద్దరికీ కనబడుతోంది కదా సార్, చెప్పడమెందుకు అని కొత్తగా చేరిన కుర్రాళ్ళు అడిగేవారు. కన్ను సిగ్నల్ మీదే ఉన్నా మనసు ఇంటి దగ్గర ఉండొచ్చు. నోటితో అంటే మనసు వెనక్కి వస్తుంది. ఒకరు పొరబడితే రెండోవారు పట్టుకుంటారు. ఇంకో పద్ధతి కూడా ఉండేది. బండి నడుస్తుండగా తప్పెవరిదని వాదించుకోవడం ఉండదు. ఏదున్నా బండి ఆగాకే.

ఈ ఆటా అలాంటిదే. ఒక్కో వైపు ఐదుగురు. ఒక జట్టు స్పైక్ అనే బాంబు పెట్టాలి, రెండో జట్టు ఆపాలి. పెట్టాక 45 సెకన్లలో అది పేలుతుంది, పేలకుండా ఆపడానికి (డిఫ్యూజ్ చేయడానికి) 7 సెకన్లు పడుతుంది. ముందుగా 13 రౌండ్లు గెలిచినవాళ్ళది మ్యాచ్. హేవెన్ అనే మ్యాప్‌లో బాంబు పెట్టగల చోట్లు ఏ, బీ, సీ అని మూడున్నాయి. కాపలా కాసేది ఐదుగురే, కాబట్టి ఎక్కడో ఒకచోట ఒక్కరే నిలబడాల్సి వస్తుంది. మూలన ఉన్న చిన్న మ్యాప్‌లో శత్రువు చుక్కలా కనబడినా, వాడెంత దెబ్బతిన్నాడు, అడుగుల చప్పుడు ఎటు పోయింది అన్నది అక్కడున్నవాళ్ళు చెప్తేనే మిగతా నలుగురికి తెలుస్తుంది.

"సీలో ఇద్దరు, ఒకడికి బాగా తగిలింది, స్పైక్ కనబడలేదు." ఆ రోజు నేను విన్న కాల్ ఇది. ఇలాంటి సమాచారాన్ని వీళ్ళు కాల్ అంటారు. చివరి రెండు మాటల విలువ మనవరాలు తర్వాత చెప్పింది. బాంబు కనబడలేదంటే ఆ ఇద్దరూ మనల్ని మళ్ళించడానికి వచ్చి ఉండొచ్చు, మిగతావాళ్ళు తొందరపడి అటు పరిగెత్తకూడదట. చచ్చిపోయిన ఆటగాడు తను చూసింది ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవాలట. బతికున్నవాడికి అడుగుల చప్పుడు వినబడాలి కదా. నువ్వెందుకు పోయావంటే నువ్వెందుకు రాలేదని అప్పుడు గొడవ పెట్టుకుంటే ఆ రౌండ్ పోయినట్టే.

డబ్బు లెక్క ఇంకా బాగా నచ్చింది నాకు. ప్రతి రౌండ్‌కు ముందు ఆయుధాలు కొనుక్కోవాలి. వాండల్ అనే తుపాకీ 2,900 క్రెడిట్లు, పెద్ద కవచం 1,000. ముగ్గురి దగ్గర డబ్బు లేకపోతే ఐదుగురూ ఆ రౌండ్‌కు చెయ్యి బిగబట్టి, తర్వాతి రౌండ్‌లో కలిసి కొంటారు. ఉన్నవాళ్ళు లేనివాళ్ళకు కొనిపెట్టనూ వచ్చు. ఒకడు మాట వినకుండా తన మటుకు కొనేసుకుంటే ఈ రౌండ్‌లో ఒంటరిగా పోతాడు, వచ్చే రౌండ్‌కు జేబు ఖాళీ. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. పదిహేడేళ్ళ పిల్లలు ఐదుగురు ఇదంతా అర నిమిషంలో తేల్చుకోవడం చూసి నాకు గర్వంగా అనిపించింది.

వాళ్ళ జట్టుకు ఐజీఎల్, అంటే ఇన్-గేమ్ లీడర్, మా అమ్మాయే. ఆట మధ్యలో ఎటు వెళ్ళాలో చెప్పేది తను. ఆమె గొంతే జట్టుకు దారి.

ఫెస్ట్‌లో ఒకే హాల్లో వరసలుగా కంప్యూటర్లు పెట్టారు. రెండో మ్యాచ్‌లో మొదటి పన్నెండు రౌండ్లు అయ్యేసరికి మావాళ్ళు 9-3తో ముందున్నారు. అప్పటి నుంచి ఆమె కాల్ చెప్పినప్పుడల్లా పక్క వరసలో ఒకడు ఆ గొంతును అనుకరించడం మొదలుపెట్టాడు. వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. తర్వాత వచ్చిన మాటలు మీ పత్రికలో అచ్చు వేయదగ్గవి కావు. కాసేపు ఓర్చుకుంది. గొంతు తగ్గింది. చివరి నాలుగైదు రౌండ్లలో అసలు నోరు విప్పలేదు. 11-13తో ఓడిపోయారు.

నేను వెళ్ళి నిర్వాహకులకు చెప్పాను. "అంకుల్, గేమింగ్‌లో ఇవన్నీ కామన్, మ్యూట్ చేసుకోమనండి" అన్నాడు అక్కడున్న అబ్బాయి. మర్యాదగానే అన్నాడు. పక్క వరసలో కూర్చుని అరిచేవాణ్ణి ఏ బటన్ నొక్కి మ్యూట్ చేయాలో మాత్రం చెప్పలేకపోయాడు.

ఆన్‌లైన్‌లో తెలియనివాళ్ళతో ఆడేటప్పుడు మా అమ్మాయి ముందే మైక్ ఆపేస్తుందని ఇంటికొస్తూ దారిలో తెలిసింది. "ఆడపిల్ల గొంతు వినగానే మొదలుపెడతారు తాతా" అంది. మైక్ ఆపితే పింగ్ గుర్తులు మిగులుతాయి. ఇక్కడ శత్రువు ఉన్నాడని గుర్తు పెట్టొచ్చు గానీ, ఇది మళ్ళింపు కావచ్చు, ఆగండి అని గుర్తుతో ఎలా చెప్తారు? బూతులు తిట్టేవాణ్ణి మ్యూట్ చేస్తే వాడి కాల్స్ కూడా పోతాయి. ఎటు చూసినా నష్టపోయేది నోరు అదుపులో పెట్టుకున్నవాళ్ళే. గెలుపోటముల లెక్క మాత్రం అందరికీ ఒకటే.

ఇది పిల్లల గొడవ, ప్రభుత్వానికేం సంబంధం అనేవారికి ఒక మాట. 2022 డిసెంబరులోనే కేంద్రం ఇలాంటి వీడియో గేమ్ పోటీలను, అంటే ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల శాఖ కిందికి తెచ్చింది. 2023లో హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో వీటికి పతకాలిచ్చారు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహించాలంటోంది. క్రీడ అన్నాక క్రీడకుండే కట్టుబాట్లూ ఉండాలి. ఫుట్‌బాల్‌లో బూతు మాటకు రెడ్ కార్డు ఇచ్చి బయటికి పంపుతారు. కబడ్డీలోనూ నోరు జారినవాడికి కార్డు చూపిస్తారు. అక్కడ కామన్ అని ఎవరూ సర్దుకుపొమ్మనరు.

రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థనూ, మన నగరంలో ఫెస్ట్‌లు పెట్టే కాలేజీలనూ నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ప్రతి మ్యాచ్‌కూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండు జట్ల మాటలూ వినే రెఫరీ ఒకరు ఉండాలి. మొదటి బూతుకు ఒక రౌండ్ అవతలి జట్టుకు ఇచ్చేయాలి, రెండోదానికి జట్టును ఇంటికి పంపాలి. చూడ్డానికి వచ్చినవాళ్ళకూ అదే వర్తించాలి. కాలేజీ పీఈటీలు ఈ జట్లను కూడా తమ జట్లుగా చూసి, కాల్స్ ఎలా చెప్పాలో, ఓడినప్పుడు ఎలా మాట్లాడుకోవాలో సాధన చేయించాలి. ఆట తెలియదని వాళ్ళు వెనకాడక్కర్లేదు, అది పిల్లలే నేర్పుతారు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఫుట్‌బాల్ స్వర్ణం గెలిచిన మన దేశపు జట్టుకు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన మన హైదరాబాద్ నగరంలో బడి పంతులుగా పనిచేసినవారే.

వచ్చే నెల ఇంకో టోర్నమెంట్ ఉంది, మావాళ్ళు పేర్లు ఇచ్చారు. ఈసారి కాల్స్ చెప్పే పని జట్టులో ఒక అబ్బాయికి అప్పగించి, తను ఊరికే ఆడతానంటోంది మా అమ్మాయి. నిర్వాహకులు పంపిన నియమావళి చదివాను. కీబోర్డు, మౌస్, ఆలస్యంగా వచ్చే జట్ల గురించి రెండు పేజీలున్నాయి. నోటి గురించి ఒక్క వాక్యం లేదు. ఆ వాక్యం చేర్చమని వాళ్ళకు విడిగా రాశాను. ఈ ఉత్తరం నకలు కూడా పంపుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లోకో పైలట్,
మెట్టుగూడ, సికింద్రాబాద్